వెన్నపండుతో చాక్లెట్టు తీపి: వంటింటికా, తోటకా?



గడచిన జూను నెలలో శ్రీకాళహస్తికి సమీపమున, స్వర్ణముఖీ తీరమునందలి ఒక గ్రామమునకు వేరుశెనగ విత్తనశుద్ధిని ప్రదర్శించుటకై పోయితిని. పని ముగిసిన పిమ్మట మన సంఘ సభ్యు డొకని యింటి అరుగుపై కూర్చుండి మజ్జిగ త్రాగుచుండగా ఆ యింటి పెద్దమ్మ నన్నొక ప్రశ్న యడిగెను. ఆమె భర్తకు పదేండ్లుగా మధుమేహము. తిరుపతిలో చదువుకొనుచున్న మనుమడు సెలవులకు వచ్చి, ఆగస్టులో రానున్న తన పుట్టినరోజునకు చాక్లెట్టు తీపి కావలెనని పట్టుబట్టినాడట.

"పిల్లోడు తింటా ఉంటే ఆయన చూస్తా ఊరికే కూర్చోడు నాయనా. ఇద్దరూ తినేదానికి, ఒంటికి చెరుపు చేయనిది ఏదన్నా ఉండాదా?" అని ఆమె యడిగెను.

అంతలో మనుమడు చేతి ఫోనులో చూచి, అవకాడో యను పండుతో వెన్నయు మీగడయు లేకుండ చాక్లెట్టు తీపిని చేయవచ్చునని చదివి వినిపించెను. ఆ పండు పేరు వినగానే నాకు సంతోషము గాక సిగ్గు కలిగెను. దానికి గల కారణమును ఈ వ్యాసపు చివరి భాగమున చెప్పెదను. ముందుగా ఆమె ప్రశ్నకు సమాధానము. నేను చదివిన మిషను పాఠశాలలో ఒక ఉపాధ్యాయుడు "తూచిన తరువాత మాటాడుము" అని మమ్ము హెచ్చరించుచుండెడివాడు. కావున జులై నెలలో తిరుపతినుండి పండ్లు తెప్పించి, మా యింట త్రాసు ముందుంచుకొని, మూడుసార్లు చేసి చూచి ఈ సంగతులు వ్రాయుచున్నాను.

పండును గూర్చి

అవకాడోను మనవారు వెన్నపండు అందురు. బెంగుళూరు బజారులో బటర్ ఫ్రూట్ అని పిలుతురు. దీని జన్మస్థానము మెక్సికో మరియు మధ్య అమెరికా దేశములు. చాక్లెట్టునకు మూలమైన కోకోను పానీయముగా వాడుకలోనికి తెచ్చినవారును ఆ ప్రాంతపు ప్రజలే. ఇవి పరదేశపువని శంకింప నక్కరలేదు. మన మిరపయు, వేరుశెనగయు, బొప్పాయియు, జామయు, సీతాఫలమును సముద్రము దాటి అమెరికానుండి వచ్చినవే. నేడు వానిని పరాయివని యెవ్వరు అనుచున్నారు?

తక్కిన పండ్లలో తీపి యుండును, దీనిలో కొవ్వుండును. 100 గ్రాముల గుజ్జులో చక్కెర ఒక గ్రామునకు లోపు. కొవ్వు సుమారు 15 గ్రాములు. పీచు సుమారు 7 గ్రాములు. ఆ కొవ్వులో అధికభాగము ఆలివు నూనెలో నుండు జాతిది. గుండెకు చెరుపుచేయు సంతృప్త కొవ్వు రెండు గ్రాములు మాత్రమే. 100 గ్రాముల వెన్నలోనన్ననో కొవ్వు సుమారు 80 గ్రాములు, అందు సంతృప్తమైనది 50 గ్రాములు. గుజ్జు వెన్నవలె మెత్తగా నుండుటచేత, తీపివంటలో వెన్నయు మీగడయు చేయు పనిని ఇది చేయగలదు. దీనికి స్వంతరుచి మిక్కిలి తక్కువ. కోకో రుచి దానిని పూర్తిగా కప్పివేయును.

ఈ పండు చెట్టుపై మాగదు; కోసిన పిమ్మటనే మాగును. గట్టి కాయను బియ్యపు కుండలో పూడ్చి యుంచినను, అరటిపండుతో కలిపి కాగితపు సంచిలో నుంచినను, మూడునాళ్లు మొదలు వారము లోపల పండును. తొడిమ కడ బొటనవ్రేలితో మెల్లగా నొక్కినప్పుడు లొంగినచో పక్వమైనదని గ్రహింపవలెను. పచ్చికాయను కోసిన చేదు తగులును, మరల మాగదు.

కోకోను గూర్చి

కోకో కాయలోని గింజలను గుజ్జుతోకూడ ఐదారు దినములు పులియబెట్టి, ఎండబెట్టి, వేయించి, పొట్టు తీసి నూరుదురు. నూరిన ముద్దను పిండి కొవ్వును వేరుచేయగా మిగిలిన పిండియే కోకో పొడి. ఆ విధముగా కొవ్వును పిండుటకు హాలెండు దేశమున వాన్ హౌటెన్ వారు 1828లో యంత్రమునకు పేటెంటు పొందిరి. మన రాష్ట్రమున ఏలూరు, గోదావరి జిల్లాలలో కొబ్బరి, ఆయిల్ పామ్ తోటల నీడన కోకో విరివిగా పండుచున్నది. కావున ఈ తీపిలోని కోకో తెలుగు రైతు పండించినదే కావచ్చును.

అంగడిలో కొనునప్పుడు జాగ్రత్త అవసరము. పాలలో కలుపుకొను చాక్లెట్టు పొడి వేరు, శుద్ధమైన కోకో పొడి వేరు. డబ్బాపై పదార్థములను తూకములో ఎక్కువైనది మొదట వచ్చునట్లు వ్రాయవలెనని చట్టము. మొదటి పేరు చక్కెరయైనచో మీరు కొనుచున్నది చక్కెరయే. అట్లే కొన్ని చాక్లెట్టు బిళ్లలలో కోకో కొవ్వునకు బదులు ఇతర వృక్షపు కొవ్వులు చేర్చి యుందురు. పెట్టెపై వ్రాత చదువక కొనరాదు.

కావలసిన వస్తువులు (నలుగురికి)

బాగుగ మాగిన వెన్నపండు గుజ్జు 200 గ్రాములు (పెద్దది ఒకటి, లేక నడితరమువి రెండు), చక్కెర చేరని కోకో పొడి 25 గ్రాములు (తలకొట్టిన పెద్ద చెంచాలు నాలుగు), బెల్లము 60 గ్రాములు, కాచి చల్లార్చిన పాలు అర గిన్నె వరకు, నిమ్మరసము అర చెంచా, ఏలకులు రెండు, ఉప్పు చిటికెడు, వేయించి పొట్టు తీసిన వేరుశెనగ పప్పు కొంచెము.

చేయు విధము

1. బెల్లమును నాలుగు చెంచాల నీటిలో కరగించి, వడకట్టి, పూర్తిగా చల్లార్చుడు. వేడి బెల్లపునీరు పాలలో పడినచో విరుగునని మన స్త్రీలకు వేరుగ చెప్పనక్కరలేదు.

2. కోకో పొడిని మూడు నాలుగు చెంచాల మరుగునీటితో కలిపి, ఉండలు లేకుండ ముద్దచేయుడు. పొడిని నేరుగ చల్లని గుజ్జులో వేసినచో ఉండలు కట్టును, పచ్చివాసనయు నుండును. నేను మొదటిసారి చేసిన తప్పు ఇదియే.

3. పండును నిలువుగా గింజ చుట్టును కోసి, రెండు చెక్కలను త్రిప్పి విడదీసి, చెంచాతో గుజ్జు తీయుడు. గింజను కత్తిమొనతో పొడిచి తీయబోయి చేయి కోసికొన్నవారు అనేకులు. దానిని కూడ చెంచాతోనే తీయవలెను. నల్లబడిన నారలు పారవేసి వెంటనే నిమ్మరసము కలుపుడు. గాలి తగిలిన ఈ గుజ్జు కోసిన వంకాయవలె నల్లబడును.

4. గుజ్జు, కోకో ముద్ద, బెల్లపునీరు, ఏలకుల పొడి, ఉప్పు కలిపి మిక్సీలో గాని, కవ్వముతో గాని నునుపుగా చేయుడు. గడ్డపెరుగువలె నుండువరకు పాలు కొంచెము కొంచెముగా పోయుడు.

5. చిన్న గిన్నెలలో పోసి గంటసేపు చల్లగా నుంచి, పైన వేరుశెనగ పలుకులు చల్లుడు. చేసిన దినముననే తినవలెను. రాత్రి మిగిలినది ఉదయమునకు రుచి చెడును.

తూచిన లెక్క

ఇట్లు చేసిన ఒక భాగములో సుమారు 160 కేలరీల శక్తి, 5 గ్రాముల పీచు, 14 గ్రాముల చక్కెర యుండును. అంగడి పాలచాక్లెట్టులో ఇంచుమించు సగము తూకము చక్కెరయే. అనగా మన గిన్నెలోని చక్కెర, 28 గ్రాముల చిన్న చాక్లెట్టు బిళ్లలోని చక్కెరతో సమానము. ఈ మాటను దాచుట న్యాయము గాదు. వెన్నపండు వేసినంత మాత్రమున తీపి ఔషధము కాదు. లాభమెక్కడ నున్నదనగా, సంతృప్త కొవ్వు స్వల్పము, పీచు అధికము, తీపి యెంత యన్నది మన చేతిలోనిది.

బెల్లము వేసితిమి గనుక మధుమేహము గలవారు తినవచ్చునను భ్రాంతి మన గ్రామములలో బలముగా నున్నది. బెల్లములో నూటికి ఎనుబదియైదు పాళ్లకు పైగా చక్కెరయే. రక్తములో అది చేయు పని చక్కెర పనియే. పెద్దవానికి నిండు పగటిలో నొక దినమునకు చేరు చక్కెర 25 గ్రాములకు లోపుండుట మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సలహా యిచ్చెను. కావున ఆ పెద్దమ్మకు నేను చెప్పినది యిది: "మనుమనికి ఒక గిన్నె. తాతకు సగము బెల్లముతో వేరుగ చేసిన దానిలో రెండు చెంచాలు, అదియు భోజనమున అన్నము తగ్గించిన నాడు. మందు మాత్రము వైద్యుడు చెప్పినట్లే, మానరాదు."

వెన్నపండు దొరకనిచో: మన వేరుశెనగ

ఇక ఖర్చు మాట. నేను కొన్న రెండు పండ్ల వెలకు ఒక కిలో వేరుశెనగ పప్పు వచ్చెడిది. త్రాసు ముందు కూర్చుండగా నాకొక సంగతి స్ఫురించెను. 200 గ్రాముల వెన్నపండు గుజ్జులో నున్న కొవ్వును, 60 గ్రాముల వేరుశెనగ పప్పులో నున్న కొవ్వును ఇంచుమించు సమానము. రెండింట 29 గ్రాములు. సంతృప్త కొవ్వును రెండింట సుమారు 4 గ్రాములే. అయితే మాంసకృత్తులు వెన్నపండులో 4 గ్రాములు, వేరుశెనగలో 15 గ్రాములు. మన మెట్టచేలలో పండు చెనిక్కాయలలోనే మనకు కావలసిన వెన్న యున్నది!

చేయు విధము: 60 గ్రాముల వేరుశెనగ పప్పును దోరగా వేయించి, పొట్టు తీసి, నూనె తేలువరకు మెత్తగా రుబ్బుడు. మాగిన అరటిపండు గుజ్జు 150 గ్రాములు, మరుగునీట కలిపిన కోకో 25 గ్రాములు, బెల్లము 30 గ్రాములు, చల్లని పాలు అర గిన్నె చేర్చి మరల నునుపుగా నూరుడు. అరటి తీపి చేరుటచేత బెల్లము సగమే చాలును. శక్తి మొదటిదానికంటె కొంచెము హెచ్చు, చక్కెర ఇంచుమించు అంతే, మాంసకృత్తులు మాత్రము రెట్టింపు. నునుపుదనమున వెన్నపండు తీపియే మెరుగని యొప్పుకొనెదను. రుచిలో మా యింటివారు రెండవదానికే ఓటు చేసిరి.

ఒక్క హెచ్చరిక. బూజు పట్టిన, ముడుతలుపడిన, రంగు మారిన పప్పును ఎంతమాత్రము వాడరాదు. తేమలో నిలువచేసిన కాయలలో పెరుగు బూజు విడుచు ఆఫ్లటాక్సిను అను విషము కాలేయమునకు కీడుచేయును. వేయించినంతన అది పూర్తిగా పోదు. వేరుశెనగ సరిపడని పిల్లలకు ఈ రెండవ విధమును, మొదటి దానిపై పలుకులను, రెంటిని మానుడు.

జాగ్రత్తలు

మూత్రపిండముల జబ్బు గలవారు వైద్యుని యడుగక వెన్నపండు తినరాదు; దీనిలో పొటాసియము అధికము. కోకోలో కాఫీలో నుండు ఉత్తేజక పదార్థము కొంత యుండుటచేత చిన్నపిల్లలకు రాత్రివేళ పెట్టక పగటిపూట పెట్టుడు.

ఇంతకంటె ముఖ్యమైనది పశువుల మాట. మన యిండ్లలో పండ్ల తొక్కలు మేకలకు వేయుట వాడుక. వెన్నపండు ఆకు, తొక్క, గింజలలో పెర్సిను అను పదార్థము కలదు. దానిచేత పాలిచ్చు మేకలకు, ఆవులకు పొదుగు వాచి పాలు తగ్గును. ఎక్కువగ తిన్నచో గుండె చెడి చనిపోవుటయు కలదు. గుఱ్ఱములకు, కుందేళ్లకు, పక్షులకును ఇది కీడు. తొక్కలను, గింజలను గుంతలో పూడ్చుడు. అట్లే చాక్లెట్టును, కోకోను కుక్కలకు వేయరాదు. అవి వానికి విషము.

నా తప్పు

ఇక సిగ్గు మాట. ఆరేండ్ల క్రిందట ఈ ప్రాంతపు రైతొకడు వెన్నపండు ధరలు విని, నాటిన లాభమా యని నన్నడిగెను. నేను ఒక కరపత్రము చదివి, ఒక పెద్ద పట్టణమునందలి నర్సరీవారి మాట నమ్మి, "ధైర్యముగా నాటుడు" అంటిని. ఆయన సంఘములో అప్పుచేసి నలువది అంటు మొక్కలు తెచ్చి జులైలో నాటెను. నవంబరు వానలకు పొలములో మూడుదినములు నీరు నిలిచెను. సగము మొక్కలు వేరుకుళ్లుతో పడిపోయెను. మిగిలినవి మే నెల యెండకు ఆకు మాడి, బెరడు చిట్లి చచ్చెను. నేను చూడబోయినప్పుడు ఆయన నన్ను తిట్టలేదు. "చెట్లు ఎండిపోయినాయి సార్, అప్పు మాత్రం చిగురేస్తా ఉండాది" అనెను. ఆ అప్పును ఆయనయే వడ్డీతో తీర్చెను. ఇచ్చిన సలహాకు నేను తీర్చినది ఏమియు లేదు. ఈ వ్యాసము ఆ బాకీలో మొదటి వాయిదా యనుకొందును.

అప్పుడు నేను తెలిసికొనవలసినదియు, మీరు ఇప్పుడు తెలిసికొనవలసినదియు ఇది. వెన్నచెట్టు చల్లని కొండనేలలకు ఇష్టపడును. మన దక్షిణ దేశమున ఇది కొడగు, చిక్కమగళూరు, వయనాడు, నీలగిరి, పళని కొండలలో కాఫీ తోటల మధ్య పెరుగుచున్నది. కొడగులోని చెట్టళ్ళి యందు భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారి కేంద్రము అర్కా సుప్రీం, అర్కా కూర్గ్ రవి అను రకములను వెలువరించినది. శ్రీకాళహస్తిలో మే నెల యెండ 40 డిగ్రీలు దాటును. వేరు ఒక్కదినము నీటిలో మునిగినను ఈ చెట్టు ఓర్వదు. ఉప్పునీటి బోరును ఓర్వదు. పైగా దీని పువ్వు మొదట ఆడుదిగా విచ్చి, మూసికొని, మరునాడు మగదిగా విచ్చును. కొన్ని రకములు ఉదయమున ఆడువి, కొన్ని సాయంకాలమున. రెండు తరగతుల చెట్లు దగ్గరనుండిననే కాపు బాగుండును. మదనపల్లె వైపు, హార్స్‌లీ కొండల చల్లని వాలులందున్న మిత్రులు నీరు నిలువని చోట నాలుగైదు చెట్లు వేసి నాలుగేండ్లు పరీక్షింపవచ్చును. అప్పుచేసి తోట వేయవలదు. మన స్వర్ణముఖి చేలకు నా సలహా: వెన్నపండును కొని తినుడు, నాటకుడు.

సహకార పాఠము

కోకో కథలో కూడ మనకొక పాఠము కలదు. 1973లో మంగుళూరు కేంద్రముగా కర్ణాటక, కేరళ రైతులు వక్క అమ్మకమునకై కాంప్కో అను సహకార సంఘమును స్థాపించిరి. వారణాసి సుబ్రాయ భట్టుగారు దాని మొదటి అధ్యక్షులు. తరువాత కొలది యేండ్లకు కోకో ధర పడిపోయి కొనువారు వెనుదీసినప్పుడు, ఆ సంఘమే రైతుల గింజలను కొనెను. అంతటితో నిలువక 1986లో పుత్తూరున చాక్లెట్టు కర్మాగారము కట్టెను. మన జిల్లాలోని పుత్తూరు గాదు. దక్షిణ కన్నడ జిల్లాలోనిది. గింజ అమ్మువాడే చాక్లెట్టు అమ్ముటచేత, ధర పడిన నాడును రైతునకు ఒక వాకిలి తెరచియుండెను.

వార్తాపత్రికల ధర చూచి నాటువారికి ఇటీవలి సంగతి చాలును. పడమటి ఆఫ్రికాలో పంట చెడుటచేత 2024లో ప్రపంచ విపణిలో కోకో టన్ను ధర మొదటిసారిగా 10,000 డాలర్లు దాటి, ఆ యేటి చివర 12,000 డాలర్లకు పైగా పోయెను. 2025లో అది సగమునకు దిగెను. చెట్టు కాపునకు వచ్చుటకు మూడు నాలుగేండ్లు పట్టును. ధర మారుటకు మూడు మాసములు చాలును. పెరిగిన ధర చూచి నాటినవాడు తరుచుగా పడిన ధరకు అమ్ముకొనును.

కావున మన సంఘమునకు ఒక చిన్న సూచన. చిల్లర కొట్టులో చిన్న డబ్బా కొనుటకంటె పది కుటుంబములు కలిసి శుద్ధమైన కోకో పొడిని కిలోల లెక్కన తెప్పించుకొన్నచో వెల తగ్గును, కల్తీ భయమును తగ్గును. వేరుశెనగ మనయొద్దనే కలదు. బాగుగ ఎండిన, ఏరిన పప్పును సంఘమే నిలువచేసి ఇచ్చినచో ఇంకను మేలు.

ఆగస్టులో ఆ పెద్దమ్మ యింట పుట్టినరోజు జరిగినప్పుడు రెండు విధములుగను తీపి చేసితిమి. మనుమడు రెండు గిన్నెలు తినెను. తాత రెండు చెంచాలతో తృప్తిపడి, మూడవదానికి భార్య ముఖము చూచి మానెను. నలువది మొక్కలు పోగొట్టుకొన్న రైతు కూడ వారికి బంధువగుటచే అచ్చటికి వచ్చియుండెను. గిన్నె ఖాళీచేసి నా వైపు తిరిగి, "తినేదానికి బాగుండాది సార్. నాటమని మాత్రం ఇంకెవురికీ చెప్పబాకండి" అనెను. ఆయన మాటను సంఘ సభ్యులందరికి తెలుపుచున్నాను.